లారీలు ఎక్కువగా ఆగిన చోటు

పిల్లలూ, దూరప్రయాణంలో భోజనానికి ఆగవలసి వచ్చినప్పుడు మీ నాన్నగారు ఏం చేస్తారో గమనించారా? రోడ్డు ప్రక్క హోటళ్ళలో దేని ముందు లారీలు ఎక్కువగా ఉన్నాయో చూస్తారు. "లారీలవాళ్ళు తినేచోట తిండి బాగుంటుంది" అంటారు. మన దేశంలో ఈ మాట చాలావరకు నిజమే. లారీ డ్రైవరు ఏడాది పొడుగునా ఆ రోడ్డు మీదనే తిరుగుతాడు కనక, అన్నం ఎక్కడ వేడిగా దొరుకుతుందో అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

నేను ఏడేళ్ళుగా అమెరికాలో లారీ నడుపుతున్నాను. ఇక్కడి జనం కూడా ఇటువంటి మాటే అంటారు. కాని ఇక్కడ దానిని నమ్మి లాభం లేదు. ఒక మజిలీలో నూరు లారీలు ఆగి ఉంటాయి. రోడ్డుకు అవతల ఉన్న మరొక మజిలీలో పది కూడా ఉండవు. ఆ పది ఉన్నచోటనే వంట బాగుండవచ్చు. లారీలను ఆపేది వంట కాదు, డ్రైవరు జేబులో ఉండే ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు. ఆ కార్డు సంగతి మీకు చెబుతాను.

ముందు లారీని చూడండి. ఇక్కడి పెద్ద లారీకి 18 చక్రాలు, సుమారు 70 అడుగుల పొడవు. సరుకుతో కలిపి 80,000 పౌన్ల వరకు, అంటే దాదాపు 36 టన్నుల వరకు, బరువు ఉండవచ్చు. డ్రైవరు గదికి కింద రెండు ప్రక్కలా పీపాలవంటి రెండు టాంకులు ఉంటాయి. రెంటిలోనూ కలిపి 200 నుంచి 300 గాలనుల డీజిలు పడుతుంది. ఇక్కడి గాలను మన నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. ఒక గాలను పోస్తే లారీ ఆరు, ఏడు మైళ్ళు నడుస్తుంది. అంతే! మన ఇంటి స్కూటరు దీన్ని చూస్తే నవ్వుతుంది.

సీటు వెనక ఒక మంచం, చిన్న అలమర ఉంటాయి. వారాల తరబడి అదే నా ఇల్లు. ఆ ఇంటికి స్నానాలగది లేదు, వంటిల్లూ లేదు. వాటికోసం మజిలీకి పోవలసిందే.

ఇప్పుడు ఒక లెక్క చెయ్యండి. లారీ ఏడాదికి లక్ష మైళ్ళు తిరుగుతుందనీ, గాలనుకు ఆరున్నర మైళ్ళు నడుస్తుందనీ అనుకుందాం. దానికి 15,000 గాలనుల పైన డీజిలు కావాలి. గాలనుకు 40 సెంట్లు తగ్గించి ఇస్తామని ఒక మజిలీల కంపెనీ ఒప్పుకుంటే, ఒక్క లారీ మీద ఏడాదికి 6,000 డాలర్లు మిగులుతాయి. లారీల కంపెనీకి వెయ్యి లారీలుంటే 60 లక్షల డాలర్లు! అందుచేత పెద్ద లారీ కంపెనీలు, మజిలీల కంపెనీలతో బేరం కుదుర్చుకుంటాయి. "మా లారీలన్నీ మీ దగ్గరే ఆగుతాయి, మీరు మాకు ధర తగ్గించండి" అంటాయి. రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టి చూపించే ధర మామూలు మనుషులకు. ఒప్పందంలో ఉన్న ధర ఆ ఇద్దరికే తెలుసు. డ్రైవరుకు కూడా చెప్పరు.

ఇటువంటి పెద్ద మజిలీల కంపెనీలు అమెరికాలో ముఖ్యంగా మూడు. 1958లో వర్జీనియా రాష్ట్రంలో గేట్ సిటీ అనే చిన్న ఊళ్ళో ఒక్క పెట్రోలు బంకుతో మొదలైన పైలట్ కంపెనీకి ఇప్పుడు 700కు పైగా మజిలీలు ఉన్నాయి. 1964లో ఓక్లహోమాలో వటోంగా అనే ఊళ్ళో భార్యాభర్తలు ఇద్దరు మొదలుపెట్టిన లవ్స్ కంపెనీకి 600కు పైగా ఉన్నాయి. మూడోది టీ.ఏ. అనే పేరుగలది. దానిని 2023లో బ్రిటిష్ నూనె కంపెనీ బీ.పీ. కొనుక్కున్నది.

ఇవన్నీ పెద్ద రోడ్డుమీద కాకుండా, రోడ్డు దిగిన తరవాత వస్తాయి. దానికి కారణమున్నది. 1956లో ఇక్కడ దేశమంతటా గొప్ప రహదారులు వెయ్యటానికి చట్టం చేశారు. ఆ రహదారుల హద్దులో డీజిలు అమ్మటానికీ, హోటళ్ళు పెట్టటానికీ వీల్లేదు. 1960కి ముందే ఉన్న కొన్నిటికి మాత్రం మినహాయింపు దొరికింది. అందుకని రోడ్డు దిగే ప్రతి ముఖ్యమైన మలుపు దగ్గరా మజిలీలు ఎదురెదురుగా నిలబడి పోటీ పడుతుంటాయి. డ్రైవరు ఎటు తిరగాలో కార్డు చెబుతుంది.

కార్డును పంపు దగ్గర ఉన్న మిషనులో పెట్టగానే అది నా నంబరు అడుగుతుంది, లారీ నంబరు అడుగుతుంది, ఇంతవరకు ఎన్ని మైళ్ళు తిరిగావని అడుగుతుంది. అన్నీ సరిగా చెబితేనే డీజిలు వస్తుంది. ఒప్పందం లేనిచోట కార్డు పెడితే పంపు కదలదు. కొన్ని కంపెనీలలో కదులుతుంది గాని, తరవాత సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇంతేకాక, లారీలో ఒక చిన్న తెర ఉంటుంది. కంపెనీ ఆఫీసులోని కంప్యూటరుకు నా టాంకులో ఎంత ఉన్నదో, నేను ఏ దారిన పోతున్నానో, ఏ మజిలీలో ఈ రోజు ధర ఎంతో తెలుసు. "ఫలానా మలుపు దగ్గర ఫలానా మజిలీలో 110 గాలనులు పోయించు" అని తెరమీద వస్తుంది. నూరూ కాదు, నూట ఇరవై కాదు, నూటపది!

ఒక్కొక్కప్పుడు ఈ కంప్యూటరు వింతగా ప్రవర్తిస్తుంది. బోర్డుమీద 4 డాలర్లున్న రాష్ట్రం దాటించి, 4 డాలర్ల 20 సెంట్లున్న రాష్ట్రంలో పోయించమంటుంది. దానికి మతిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. కిటుకు ఏమిటంటే, ఆ ధరలో రాష్ట్రం వేసే పన్ను కలిసి ఉంటుంది. మొదటి రాష్ట్రంలో పన్ను 20 సెంట్లు, రెండోదానిలో 70 సెంట్లు అనుకోండి. పన్ను తీసేస్తే డీజిలు అసలు ధర మొదటిచోట 3.80, రెండోచోట 3.50. లారీలకు పన్ను లెక్క డీజిలు కొన్నచోటును బట్టి తేలదు, ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్ళు నడిచిందో దానిని బట్టి తేలుతుంది. 48 రాష్ట్రాలూ, కెనడాలోని 10 రాష్ట్రాలూ కలిసి ఈ ఏర్పాటు చేసుకున్నాయి. మూడునెలలకొకసారి కంపెనీలు లెక్కచూపి, ఎక్కువ తక్కువలు సరిచేసుకుంటాయి. కనక అసలు ధర తక్కువగా ఉన్నచోటే లాభం. ఈ లెక్కలో కంప్యూటరు తప్పుచెయ్యదు.

అయితే ఆ కంప్యూటరుకు ఆకలి లేదు, నిద్ర రాదు.

డ్రైవరుకు ఒక గడియారం ఉన్నది. పది గంటలు విశ్రాంతి తీసుకుని పని మొదలుపెడితే, ఆ క్షణం నుంచి 14 గంటలలోగా ఆ రోజు నడపటం ముగించాలి. ఆ 14 గంటలలోనూ 11 గంటలకు మించి నడపరాదు. సరుకు దించటానికి పట్టిన సేపూ, డీజిలు పోయించుకునే సేపూ కూడా ఆ 14లోనే పోతాయి. ఇదివరకు ఈ లెక్క కాగితం మీద రాసేవారు. 2017 డిసెంబరు నుంచి చాలా లారీలలో దీనికి ఒక యంత్రం తప్పనిసరి అయింది. చక్రం కదిలితే చాలు, అది రాసేసుకుంటుంది. ఈ చట్టం మంచిదే. నిద్రకళ్ళతో 36 టన్నుల బండి నడిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఒక జనవరి నెలలో ఏం జరిగిందో వినండి. తెల్లవారుజామున ఐదింటికి పని మొదలుపెట్టాను. ఓక్లహోమా సిటీలో సరుకు దించి, మరొక సరుకు ఎక్కించుకునేసరికి మధ్యాహ్నం రెండయింది. తెరమీద ఆజ్ఞ వచ్చింది. ఊరు దాటుతూనే ఒప్పందపు మజిలీ ఉన్నది, అక్కడ పోయించుకోమన్నది. నా టాంకులలో అప్పటికి ఇంకా సగం డీజిలు ఉన్నది. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. పోయించుకుని చూస్తే ఆవరణలో సగం చోటు ఖాళీగా ఉన్నది. ఉండదు మరి, మధ్యాహ్నం మూడు గంటలకు ఎవరు పడుకుంటారు?

40వ నంబరు రహదారి మీద పడమటికి సాగిపోయాను. రెండు గంటలు నడిపాక సేయర్ అనే ఊరు వస్తుంది. అక్కడ ఒక పంజాబీ దాబా ఉన్నది. అమెరికాలో లారీలు నడిపే పంజాబీలు వేలమంది ఉన్నారు. వారికోసం ఇటువంటి దాబాలు చాలా రహదారుల మీద వెలిశాయి. పప్పు, రొట్టె, అల్లం వేసిన టీ! సొంత లారీలున్నవాళ్ళు అక్కడే డీజిలు కూడా పోయించుకుని, ఒకే ఆగటంలో రెండు పనులూ ముగించుకుంటారు. నా కార్డు అక్కడ చెల్లదు. డీజిలుకు ఒకసారి ఆగాను, భోజనానికి మళ్ళీ ఆగితే మరొక ముప్పావుగంట పోతుంది. మర్నాడు ఉదయం ఆల్బుకర్కీలో సరుకు అప్పగించాలి. అందుచేత ఆ దాబాను చూస్తూనే దాటిపోయాను. పోపు వాసన లారీలోకి వచ్చిందనిపించింది. అది వట్టి భ్రమే, అద్దాలు మూసి ఉన్నాయి.

ఏడింటికి నా 14 గంటలూ అయిపోతాయి. టెక్సాస్‌లో ప్రవేశించాను, చీకటి పడింది. ఆరుంబావుకు మొదటి ఒప్పందపు మజిలీకి పోతే అంగుళం చోటు లేదు. లారీలు వరసలు నిండిపోయి, దారి ప్రక్కన కూడా నిలబడి ఉన్నాయి. రెండోదీ అంతే. ఇంక ఇరవై నిమిషాలున్నాయనగా ఒక చిన్న మజిలీ దీపం కనిపించింది. ఏ గొలుసు కంపెనీకీ చెందనిది. మట్టి ఆవరణ, నాలుగు పంపులు, ఒక హోటలు. చోటు దొరికింది.

లోపల ఒక ముసలావిడ ఉన్నది. "డీజిలు పోయించుకుంటావా, నాయనా?" అన్నది.

"లేదమ్మా. మా కంపెనీ కార్డు ఇక్కడ చెల్లదు," అన్నాను.

"తెలుసులే. రాత్రి వచ్చేవాళ్ళంతా ఆ మాటే అంటారు. డీజిలు అక్కడ, నిద్ర ఇక్కడ. మీ బళ్ళు తిరిగి నా ఆవరణ గుంటలు పడితే, పూడ్చటానికి డబ్బు ఏ డీజిలు మీద తెచ్చేది?" అన్నది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అన్నది. తరవాత పళ్ళెం నిండా ఉడికిన చిక్కుడుగింజలూ, మొక్కజొన్న రొట్టె తెచ్చి పెట్టింది. నా సొంతడబ్బుతో రెండుసార్లు పెట్టించుకు తిన్నాను. ఆ పూట ఆవిడకు నేను ఇవ్వగలిగినది అంతే.

చోటు దొరకకపోవటం చిన్న విషయమని అనుకోకండి. 2009లో జేసన్ అనే డ్రైవరు, సరుకు దించవలసిన చోటికి ముందుగా చేరుకుని, ఆగటానికి మంచిచోటు లేక, మూతబడిన ఒక పెట్రోలు బంకులో లారీ ఆపుకున్నాడు. అక్కడ దొంగ అతన్ని చంపేశాడు. అతని భార్యా, తోటి డ్రైవర్లూ పట్టుబట్టగా 2012లో అతని పేరనే చట్టం వచ్చింది. లారీలకు ఎక్కడెక్కడ చోటు చాలదో ప్రభుత్వం లెక్కతియ్యాలన్నది అందులో ముఖ్యమైన అంశం. 2019లో లెక్కిస్తే దేశం మొత్తంమీద 3,13,000 చోట్లు తేలాయి. అందులో 40,000 మాత్రమే ప్రభుత్వానివి. మిగతావన్నీ మజిలీలవి. చూశారా, రాత్రి డ్రైవరు క్షేమంగా పడుకోవటమన్నది డీజిలు అమ్మేవారి చేతులలో ఉన్నది.

లారీ కంపెనీలు చెడ్డవని నేననను. 60 లక్షల డాలర్లు ఎవరు వదులుకుంటారు? మా జీతాలు కూడా ఆ పెట్టెలోనించే రావాలి. కాని ఆ రోజు నా టాంకులో సగం ఉన్నదన్నాను గుర్తున్నదా? అదే 110 గాలనులను సాయంత్రం ఐదున్నరకు టెక్సాస్‌లోని ఒప్పందపు మజిలీలో పోయించుకోమంటే, డీజిలూ, భోజనమూ, నిద్రా ఒక్కచోటే అయిపోయేవి. ధర పది సెంట్లు ఎక్కువైనా కంపెనీకి నష్టం 11 డాలర్లు. ఆల్బుకర్కీకి పొద్దున ఇంకొక గంట ముందు బయలుదేరితే సరిపోయేది. ధరతోపాటు, డ్రైవరు గడియారం ఎప్పుడు ఆగుతుందో కూడా ఆ కంప్యూటరుకు నేర్పటం కష్టం కాదని నా అభిప్రాయం. కొన్ని కంపెనీలలో ఫోను చేసి అడిగితే మజిలీ మారుస్తారు. అందుకే, అనుభవం కలవాళ్ళు కొత్త ఉద్యోగంలో చేరేముందు జీతం అడిగాక, "మీ డీజిలు ఎవరి దగ్గర?" అని అడుగుతారు. ఆ ఒక్క జవాబుతో, రాబోయే ఏడాదంతా ఎక్కడ తింటారో, ఎక్కడ స్నానం చేస్తారో తెలిసిపోతుంది.

స్నానం సంగతి మరిచాను! పెద్ద మజిలీలలో ఒక్కసారి సుమారు 50 గాలనులు పోయించుకుంటే ఒక స్నానం ఉచితం. లేకపోతే 15 డాలర్లు, అంతకు పైనా అడుగుతారు. గాలనుల లెక్కన మార్కులు కూడా వేస్తారు. డీజిలుకు డబ్బిచ్చేది కంపెనీ అయినా, ఆ మార్కులు మాత్రం డ్రైవరువే. వాటితో కాఫీ, రొట్టె కొనుక్కోవచ్చు. మజిలీలవాళ్ళు తెలివైనవాళ్ళు. కంపెనీని ధరతోనూ, డ్రైవరును మార్కులతోనూ కట్టేశారు.

మన దేశంలో కూడా లారీల యజమానులకు ఇటువంటి కార్డులున్నాయి. ఇండియన్ ఆయిలు వారిది ఎక్స్‌ట్రాపవర్, భారత్ పెట్రోలియం వారిది స్మార్ట్‌ఫ్లీట్. ఈసారి సెలవులకు పోయేటప్పుడు, రోడ్డు ప్రక్క లారీలు బారులు తీరి ఉన్నచోట మీ నాన్నగారిని ఒక్క నిమిషం ఆపమనండి. ఒక డ్రైవరు మామయ్యను అడగండి, ఇక్కడ ఎందుకు ఆగావని. అన్నం కోసమా, కార్డు కోసమా?