కనబడని పక్షవాతము

శరీరమునకు కలిగిన లోపమును లోకము వెంటనే గుర్తించును. కాలీడ్చువానికి ఊత యిత్తురు. చూపులేనివానికి దారి చూపుదురు. బుద్ధికి కలిగిన లోపమునకు మాత్రము మన యిండ్లలో విసుగో, పరిహాసమో లభించుచున్నది. స్వల్పమైన పక్షవాతము తగిలి లేచినవారి యెడ ఈ అన్యాయము మరింత హెచ్చు. ఏలయన, వారి కాలుసేతులు చక్కగనే యుండును.

మా అన్నగారు ఒక సహకార సంఘమున ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసినవారు. ఒకనాటి యుదయమున వారి మూతి కొంచెము వంకరపోయి, కుడిచేయి పట్టు తప్పెను. నాలుగు దినములలో అంతయు సర్దుకొనెను. గండము గడచినదని బంధువులు సంతసించిరి. రెండు నెలలైన పిమ్మట పాలవాని లెక్క కట్టుటకు వారికొక పూట పట్టినది. ఇద్దరు ఒక్కసారి మాటాడినచో ఏదియు చెవికెక్కకుండెను. పాత సంగతులన్నియు జ్ఞాపకమే. చేతిలోని పనిని వరుసగా నడపుటయే కష్టము. ఇంటిలో నొకరు సోమరితన మనిరి. ఒకరు శనిదశ యనిరి. కుమారుడు బీరువా తాళములు తీసికొనెను. ఆ రాత్రి అన్నగారు వదినెగారితో, "నాలో ఏదో పోయిందని నాకు తెలుస్తూనే ఉందే" అనిరట.

ఆ మాట విన్నప్పుడు నాకు ఆంగ్ల నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ జ్ఞప్తికి వచ్చెను. 1783 జూన్‌లో ఒకరాత్రి ఆయనకు పక్షవాతము తగిలెను. అప్పటికాయన వయస్సు 73 ఏండ్లు. దేహమున కేమైనను బుద్ధిని కాపాడుమని దైవమును వేడి, ఆ ప్రార్థననే లాటిను పద్యముగా కూర్చి తన బుద్ధిని తానే పరీక్షించుకొనెను. పద్యము అంత బాగుగ లేదు. బాగులేదని ఆయనకు తెలిసినది. మాట పడిపోగా చీటి వ్రాయబూనినచో చేయి ఒక యక్షరమునకు మరియొకటి వ్రాసినది. లోపమును ఎరిగెడి వివేకము లోపముతోపాటు నిలిచియుండుటయే యిందలి వేదన. అట్టివానిని పరిహసించుట పుండుపై కారము చల్లుటయే.

పెద్దకాలువకు గండిపడిన ఊరంతయు పరుగెత్తును. పిల్లకాలువ పూడినచో చివరిమడి యెండువరకు ఎవరికిని తెలియదు. మెదడు లోతట్టున సన్నని రక్తనాళ మొకటి మూసికొనినను, ఆలోచనకు ఆధారమైన భాగములను కలుపు త్రోవలు తెగవచ్చును. అవధానము, వేగము, పనిని క్రమపరచుకొను నేర్పు తగ్గును. పక్షవాతము తగిలినవారిలో ఇంచుమించు మూడవవంతు మందికి మనోవ్యాకులత కూడ కలుగును. ఇది సోమరితనము గాదు, గ్రహచారమును గాదు.

కావున చేయి కదలినంతమాత్రమున వైద్యము ముగిసెనని తలపరాదు. 2005లో ప్రకటింపబడిన మాంట్రియల్ పరీక్షకు పదినిమిషములు చాలును: గడియారము గీయుట, ఐదు మాటలు విని కొంతసేపటికి మరల చెప్పుట, నూరునుండి ఏడేసి తీసివేయుట మొదలగునవి. వైద్యుని అడిగి యట్టిదానిని చేయింపవలెను. రక్తపుపోటును, మధుమేహమును అదుపున నుంచుట, పొగాకు మానుట, మందులు తప్పకుండుట మరియొక దెబ్బను నివారించు మార్గములు. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను, అది క్షణములో తగ్గినను, తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఇంటివారు చేయదగినదియు కలదు. వైద్యుని సలహాపై మా వదినెగారు తాళములు తిరిగి యిప్పించి, పాలు, పచారి ఖర్చులకు ఒక చిన్న పుస్తకము పెట్టిరి. ప్రొద్దుటిపూట, సద్దులేనిచోట, ఒక్కొక్క పద్దు. సాయంకాలము ఆమె సరిచూచును. పెద్ద మొత్తములకు మాత్రము ఇరువురి సంతకము. ఏడాదికిని అన్నగారికి మునుపటి వేగము రాలేదు. ఆ పుస్తకము మాత్రము ఒక్కదినమును ఆగలేదు.

సమస్తమును ఆయన నెత్తిన వేయుట క్రూరత్వము. సమస్తమును లాగికొనుటయు క్రూరత్వమే. రోగము తీసికొన్నది చాలును. మిగిలినదానిని ఇంటివారు తీసికొనరాదు.