నిండు కంచంలో లోటు

‘ఆరోగ్యమే మహాభాగ్యము’ అన్న మాటను చిన్ననాటి నుండి వల్లె వేస్తూనే ఉన్నాము. కాని కడుపు నిండుట వేరు, ఒంటికి పట్టుట వేరు అన్న సంగతిని మాకు మా ఇంటి కంచమే నేర్పింది.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో పండుమిరప పచ్చడి ఉంటే చాలు, కూరతో పనిలేకుండానే పళ్లెం అన్నం లోపలికి దిగిపోతుంది. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్ళే కూలీల సద్దిమూటలలో నేటికీ తెల్లని అన్నం, ఎర్రని కారమే అధికం. మా తండ్రిగారి భోజనమూ అట్టిదే.

నాలుగేండ్ల క్రితం వారికి మధుమేహమని తేలింది. అన్నం తగ్గించమన్నారు వైద్యులు. చదువుకున్నవారమన్న ధీమాతో మేము కేలరీల లెక్క కట్టి, అన్నాన్ని సగం చేశాము. పక్కన మాత్రం అదే పచ్చడి. రెండు నెలలలో చక్కెర కొంత తగ్గిన మాట నిజమే. కాని మిరప బస్తాలు మోసిన ఆ చేతులు నీళ్ళ బిందె ఎత్తలేక వణికాయి. లెక్క సరిపోయింది, మనిషి తరిగిపోయారు.

అప్పుడు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలను తెరిచాము. నూరు గ్రాముల తెల్లబియ్యంలో 356 కేలరీలు, సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు. జొన్నలలో 334 కేలరీలు, 10 గ్రాములు. పీచు మూడు రెట్లకు పైమాటే. కందిపప్పులో 331 కేలరీలు, మాంసకృత్తులు మాత్రం 22 గ్రాములు. కేలరీలు ఇంచుమించు సమానమే, ఇచ్చే బలం సమానం కాదు. అదే సంస్థ 2024లో, 2000 కేలరీల దినాహారంలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని సూచించింది. మా ఇంట ఈ లెక్క తలక్రిందులుగా ఉన్నది!

1967లో నాగార్జునసాగర్ కాలువలు పారకముందు ఈ మెట్టనేలలలో జొన్నకూడే ఎక్కువ. నీటితో వరి వచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పేదవాని ఆకలి తీర్చింది. ఆ మేలు మరువరానిది. అయితే మా ఇంట జొన్నతోపాటు పప్పూ, ఆకుకూరా కూడ కంచం అంచుకు జరిగిపోయాయి.

ఇప్పుడు రాత్రికి జొన్నరొట్టె, గోంగూర పప్పు. పగలు కొద్దిపాటి అన్నానికి తోడు కూర, కోడిగ్రుడ్డు. తొలినాడు రొట్టె త్రుంచుతూ తండ్రిగారు, “ఇది మా అమ్మ పెట్టిన కూడేరా బేటా! పేదరికం పోయిందని మానేశాం” అన్నారు. క్రమంగా వారి చేతుల వణుకు తగ్గింది.

విద్యార్థులారా! కారంతో రెండవమారు అన్నం అడుగబోయే ముందు ఒక గరిటె పప్పు అడగండి. వసతిగృహంలో వారానికి రెండు రాత్రులైనా జొన్నరొట్టె పెట్టించవలసిందిగా కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం.