పత్రిక అడుగున నుండు పేరు

కొన్ని సంవత్సరములుగా జూన్ మాసమున బడి తెఱచిన వెంటనే పదవ తరగతిలో నేనొక ప్రశ్న వేయుచున్నాను. నాటి వార్తాపత్రికను బల్లపై పఱచి, "ఇందు అన్నింటికంటె ముఖ్యమైన పంక్తి యేది?" అని యడుగుదును. పిల్లలు పెద్ద శీర్షికలను చూపుదురు. కొందఱు క్రికెట్టు ఫలితమును చూపుదురు. ఒక పుట అడుగున చీమలబారువలె నుండు పంక్తిని చూపినవారిని ఇంతవఱకు నే నెఱుగను. ముద్రించినవారి పేరు, ప్రకటించినవారి పేరు, సంపాదకుని పేరు, అచ్చయిన చోటు అందుండును. ఇట్టి పేర్లు వేయవలెనని విధించినది 1867 నాటి చట్టము. దానిని చేసినది పరాయి ప్రభుత్వము; పత్రికలపై కన్నువేసి యుంచుటకే చేసెను. అయినను పాఠకునికి దానివలన ఒక మేలు కలిగెను. వ్రాత తప్పైనచో ఎవరిని అడుగవలెనో తెలిసెను. 2023లో దాని స్థానమున క్రొత్త చట్టము చేయబడినను, పేర్లు వేయుట మానలేదు.

ఈ పాఠమును ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నాకెవరును చెప్పలేదు. 2018 వేసవిలో నా తప్పువలననే నేర్చుకొంటిని.

పరీక్షల తేదీలు, సెలవుల సంగతులు తెలుపుటకై నా తరగతి తల్లిదండ్రులను ఒక వాట్సాప్ గ్రూపుగా చేర్చియుంటిని. మే నెలలో ఒక రాత్రి దూరపు బంధువొకడు నాకొక సందేశము పంపెను. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా మన పాలమూరు ప్రాంతమున దిగినదట. క్రొత్తవా రెవరు కనబడినను నమ్మవలదట. దానికి తోడుగా భయంకరమైన ఛాయాచిత్రమొకటి. ఎవరు వ్రాసిరో, ఆ చిత్రము ఏ దేశపుదో నే నడుగలేదు. పిల్లల క్షేమము గదా యనుకొని, ఒక్క వ్రేలి తాకుడుతో 42 కుటుంబములకు పంపితిని. తొమ్మిదవ ఆజ్ఞను పిల్లలచేత ఏటేట వల్లింపజేయువాడను నేనే! కృతజ్ఞతలు తెలుపుచు జవాబులు వచ్చినపుడు కొంత సంతోషించితిని కూడ, దాచుట యెందులకు?

నాలుగు దినముల తరువాత మా వీధి చివర వేపచెట్టు క్రింద కేకలు వినబడెను. ప్రతి వేసవిలోను చక్రము భుజమున మోసికొని వచ్చి, కత్తులకును కత్తిపీటలకును సానబట్టు ముసలివానిని జనులు చుట్టుముట్టి యుండిరి. వానికి తెలుగు సరిగా రాదు. చొక్కా చినిగినది, పెదవి చిట్లి నెత్తురు కారుచున్నది. నేను అడ్డుపడి, "ఇతడు ఏటేట వచ్చువాడే, విడువుడు" అంటిని. మా విద్యార్థి తండ్రి యొకడు తన ఫోనును నాకు చూపి, "మీరే పంపిస్తిరి గద సార్!" అనెను. ఆయనకు చదువు రాదు. కొడుకుచేత చదివించుకొని, సారు పంపినది గనుక నిజమే యని నమ్మెను. నాయొద్ద జవాబు లేకపోయెను. అంతలో పాలమ్ము అవ్వ యొకతె ముసలివానిని గుర్తుపట్టి అందఱిని తిట్టిపోసెను. నా చదువుకంటె ఆమె తిట్లే పనిచేసెను.

ఆ యేడు అందఱకును అట్టి యవ్వ దొరకలేదు. ఆ మే నెలలోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇట్టి వదంతివలన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ గుంపు చేతిలో మరణించెను. జూలై 1న మహారాష్ట్రమందు ధూళే జిల్లా రాయిన్‌పాడలో సంచారజాతివారైన ఐదుగురు భిక్షుకులను కొట్టి చంపిరి. ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి ప్రకటించెను.

మా పొరుగున జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రము పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు ఈ యాపదను ముందే గుర్తించిరి. ఊళ్లకు పోవు కానిస్టేబుళ్లు ఒక వింతను చూచిరి. ఎండలు మండుచున్నను జనులు ఆరుబయట పండుకొనక, తలుపులు బిగించుకొని లోపలనే నిద్రించుచుండిరి. కారణ మడుగగా ఫోనులు చూపిరి. అంతట పోలీసులు ఊరూర తిరిగి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, అది యబద్ధమని చెప్పిరి. ఆమె పరిధిలోని 400కు పైబడిన గ్రామములలో ఈ వదంతివలన ఒక్కరును చావలేదు. డప్పు ఫోనుకంటె వేగముగా పోదు. కాని డప్పుతో వచ్చినవాని ముఖము కనబడును. వానిని నిలిపి ప్రశ్నింపవచ్చును.

వదంతులు పంపువారి నెల్ల చెఱసాలలో వేయవలెనని మిత్రులు కొందఱందురు. నాకది సమ్మతము కాదు. నన్ను వేయుదురను భయముచేత అనుట లేదు. సమాచార సాంకేతిక చట్టమందలి 66-ఎ సెక్షను అట్టి బెదిరింపుగానే యుండెను. చిరాకు కలిగించు మాటకుకూడ శిక్ష విధింపవచ్చును. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దానిని కొట్టివేసినది. వదంతి పుట్టించువాని నోటిని, అధికారిని ప్రశ్నించువాని నోటిని ఒకే గుడ్డతో కట్టువారికి ఆ భేదము చూచు ఓపిక యుండదు. వోటరుకు రెండవవాడు కావలెను.

నేను చేయగలిగినది చిన్నపని. సందేశము తప్పని గ్రూపులో వ్రాసితిని; పిమ్మట సైకిలుపై ఆ 42 ఇండ్లకును పోయితిని. "అది నేను విచారింపక పంపినది, తప్పు నాది" అని గడపగడపకును చెప్పితిని. ఒకరు చాయ ఇచ్చిరి, ఒకరు నవ్విరి. ఒక తల్లి మాత్రము, "మరి ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె సార్?" అని యడిగెను. నా పేరు, నా యిల్లు ఆమెకు తెలియును గనుక, తప్పైనచో వచ్చి నిలదీయుమంటిని. ఆమె కొంత ఆలోచించి తల యూపెను.

సానబట్టు ముసలివాడు మఱి మా వీధికి రాలేదు. మా కత్తిపీట మొద్దువాఱినది. బజారులో క్రొత్తది కొనుడని మా యింటివారు చెప్పుచునే యున్నారు. నే నింకను కొనలేదు.