గ్రేలింగ్ అడవిలో గ్రిజ్లీ విల్లుతో

మిషిగన్ రాష్ట్రంలో విల్లుతో జింకలను వేటాడే కాలం అక్టోబరు 1న మొదలవుతుంది. మామూలు తుపాకీ వేటకు నవంబరు 15 దాకా ఆగాల్సిందే. ఆ ఆరు వారాలూ అడవి విలుకాళ్లది. వాళ్లలో చాలామంది చేతుల్లో కనిపించేవి కప్పీలు, తీగలు బిగించిన కాంపౌండ్ విల్లులు. కొద్దిమంది మాత్రం యాభై అరవై ఏళ్ల కిందటి విల్లును వెతికి సంపాదించి, బాగుచేసుకుని, దానితోనే అడవికి వెళ్తారు. గోడకు తగిలించి చూసుకుంటే వాళ్లకు తృప్తి ఉండదు. ఆ విల్లు ఏ పనికి పుట్టిందో ఆ పని చేయించాలన్నది వాళ్ల పట్టుదల. డెట్రాయిట్ పక్కన నోవైలో కాపురం పెట్టిన నాకు వాళ్లతో కలవాలన్న కోరిక చాలాకాలంగా ఉండేది.

ఆ కోరికకు వేరు చింతూరులో ఉంది. నాన్నగారి ఉద్యోగం వల్ల అక్కడ పెరిగాను. కోయ పెద్దల ఇళ్లలో చూరు కింద వెదురు విల్లు ఉండేది. అల్లెతాడు కూడా వెదురు పేడే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేటకు అడ్డుకట్ట పడింది. అదే మంచిదయింది. మిషిగన్‌లో సంగతి వేరు. అక్కడ తెల్లతోక జింకలు విస్తారంగా పెరిగాయి, వాటి సంఖ్యను అదుపులో పెట్టడానికి ప్రభుత్వం వేటగాళ్లకు లెక్కప్రకారం లైసెన్సులిస్తుంది. నేను శిక్షణ తరగతికి హాజరై లైసెన్సు తీసుకున్నాను. ఇక విల్లు కావాలి.

విల్లు కోసం జూన్‌లో బెరియన్ స్ప్రింగ్స్ వెళ్లాను. రాష్ట్రానికి నైరుతి మూలన ఉన్న చిన్న ఊరది. కాంప్టన్ ట్రెడిషనల్ బోహంటర్స్ అనే సంఘం ఏటా అక్కడి సంత మైదానంలో సమావేశం పెడుతుంది. పచ్చిక మీద దుప్పట్లు పరిచి, వాటి మీద తమ పాత సామాను పెట్టుకుని కూర్చుంటారు. తోలు అమ్ములపొదులు, దేవదారు బాణాలు, తుప్పు తుడిచిన ములుకులు, విల్లులు. ఆర్కన్సాలోని పైన్ బ్లఫ్‌లో తయారైన బెన్ పియర్సన్ విల్లులు, వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా నుంచి వచ్చిన డేమన్ హోవాట్ విల్లులు, కలమజూలో చేసిన షేక్‌స్పియర్ విల్లులు వరసగా ఉన్నాయి. ఇవన్నీ ఒకప్పుడు అటకలెక్కినవే. మిజోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్‌కు 1969లో కాంపౌండ్ విల్లు మీద పేటెంటు వచ్చింది. ఆ తర్వాత జనం అటు మళ్లారు. చెక్క విల్లులు షెడ్డుల్లో, గరాజుల్లో పడిపోయాయి. వాటిని ఇప్పుడు ఈ దుప్పట్ల మీద మళ్లీ చేతిలోకి తీసుకుంటున్నారు.

ఒక దుప్పటి దగ్గర ఎనభై దాటిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు, ఒకప్పుడు గ్రేలింగ్‌లో విల్లులు చేసిన బేర్ కంపెనీవే అయిదారున్నాయి. ఒకదాని మీద '1953 కెనడా' అని రాసి ఉంది. కొత్తవాళ్లు అది చూసి విల్లు 1953 నాటిదని మురిసిపోతారని, అది పేటెంటు సంవత్సరం మాత్రమేనని ఆయన చెప్పాడు. వయసు తెలుసుకోవాలంటే పిడిలో పొదిగిన బిళ్లను చూడాలి. 1959లో అది రాగిది. తర్వాత లోహాలు మారుతూ వచ్చాయి. డెబ్భైల తొలినాళ్ల వరకు బిళ్ల చెక్కతో సమంగా ఉండేది, ఆ పైన ఉబ్బెత్తుగా వచ్చింది. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది. నా వేలికి తగిలింది చదునైన ఇత్తడి బిళ్ల. విల్లు పేరు గ్రిజ్లీ, 45 పౌన్లది. అంటే అల్లెతాడును 28 అంగుళాల దాకా లాగితే చేతి మీద 45 పౌన్ల బరువు పడుతుందన్నమాట.

కొనే ముందు ఎలా పరీక్షించాలో ఆయనే చూపించాడు. మొదట ఎండకు ఎదురుగా పట్టుకుని, పిడికి పైనా కిందా వంగే రెండు లింబ్‌లనూ ఏటవాలుగా చూడమన్నాడు. పై మెరుగులో సన్నని గీతలుంటే భయం లేదు. ఆ గీత గాజునార (ఫైబర్‌గ్లాస్) పొరలోకి దిగితే విల్లును వదిలేయాలి. అంచుల వెంట దూదిపింజను నెమ్మదిగా లాగాడు. ఎక్కడ పొర లేచిందో అక్కడ దూది చిక్కుకుంటుంది. మా విల్లుకు ఎక్కడా చిక్కలేదు. తర్వాత తాడు ఎక్కించి, పై కొన నుంచి కింది కొన దాకా ఒంటి కంటితో చూశాడు. అల్లెతాడు రెండు లింబ్‌లకూ సరిగ్గా నడుమ పోవాలి. పక్కకు పోతే లింబ్ మెలి తిరిగిందని అర్థం. వేసవిలో కారు డిక్కీలో మరిచిపోయిన విల్లులకు జిగురు మెత్తబడి ఈ గతి పడుతుంది. చివరికి చెవి దగ్గర పెట్టుకుని నాలుగంగుళాలు లాగాడు, ఆరు లాగాడు, మెల్లగా పూర్తిగా లాగాడు. చిన్న 'టిక్' వినబడినా అక్కడితో ఆపేయాలి. ఏ చప్పుడూ రాలేదు.

ఆయన పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన మరో విల్లుంది. 1950 ప్రాంతంలో బేర్ కంపెనీ లింబ్‌ల పొరల మధ్య అల్యూమినియం రేకు పెట్టి చేసిన రకం. అవి విరిగిపోయేవి. అందుకే మిగిలినవాటిని ఎక్కుపెట్టకూడదు, చూసుకోవడానికే. అదొక్కటి మాత్రం ఆయన అమ్మకానికి పెట్టలేదు. విల్లు ఇచ్చేటప్పుడు డాక్రాన్ తాడు తప్ప వేరేది కట్టవద్దని గట్టిగా చెప్పాడు. ఈ కాలపు తాళ్లు సాగవు. బాణం వెళ్లిన ఊపంతా పాత కొనల మీద పడి వాటిని చీల్చేస్తుంది. డాక్రాన్ కాస్త సాగి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది.

వేసవంతా సాధనలో గడిచింది. పోర్ట్ ఆర్ఫర్డ్ దేవదారు బాణాలు తెప్పించుకున్నాను. ఆరెగాన్ తీరంలో పెరిగే ఈ చెట్టు చెక్క నిటారుగా చీలుతుంది, బరువు తక్కువ, చీల్చినప్పుడు అల్లం లాంటి ఘాటు వాసన వేస్తుంది. వేసే ప్రతిసారీ ముందు బాణాన్ని కొద్దిగా వంచి, పగులు లేదని చూసుకోవాలి. పగిలిన చెక్క బాణం విడిచినవాడి చేతిలోకే దిగుతుంది. పాత విల్లుకు గురిచూసే సాధనమేమీ లేదు. కన్ను, చేయి కలవాలి. బాణం వేగం సెకనుకు 170 అడుగుల చిల్లర, కాంపౌండ్‌ది 300 దాటుతుంది. అందుకని దూరం పెరిగేకొద్దీ బాణం బాగా కిందికి జారుతుంది. జింక ఆ లోపల కదిలిపోతుంది. ఇరవై గజాలకు మించి వేయకూడదని నాకు నేనే గీత గీసుకున్నాను.

అక్టోబరు నడుమ మా బావమరిదిని వెంటబెట్టుకుని గ్రేలింగ్ బయలుదేరాను. డెట్రాయిట్ నుంచి ఉత్తరంగా సుమారు 200 మైళ్లు. ఫ్లింట్, సాగినా దాటాక పొలాలు తగ్గి అడవి మొదలవుతుంది. ఓక్‌లు ఎర్రబడ్డాయి, మేపుల్‌లు రాలిపోతున్నాయి.

"బావా, ఇరవై గజాలంటే మన ఊళ్లో వీధికి ఈ పక్క నుంచి ఆ పక్కకేగా! జింక అంత దగ్గరికి రానిస్తుందా?" అన్నాడు.

"రానివ్వదురా. దానికి తెలియకుండా మనం అక్కడ ఉండాలి. ఆ కష్టం కోసమే ఈ విల్లు" అన్నాను.

గ్రేలింగ్ వెళ్లాలనుకోవడానికి కారణం ఫ్రెడ్ బేర్. 1902లో పెన్సిల్వేనియాలో పుట్టి, పడుచువయసులో డెట్రాయిట్ వచ్చి, ప్యాకర్డ్ కార్ల కంపెనీలో చెక్క నమూనాలు చేసే పనిలో చేరాడు. 1927లో డెట్రాయిట్‌లో ఒక సినిమా చూశాడు. అలాస్కాలో ఆర్ట్ యంగ్ అనే వేటగాడు విల్లుతో చేసిన వేట మీద తీసిన చిత్రమది. తర్వాత యంగ్‌ను కలిసి విల్లు, బాణం చేయడం నేర్చుకున్నాడు. యంగ్‌కు వేట మిత్రుడు శాక్స్‌టన్ పోప్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు. పోప్‌కు విద్య నేర్పినవాడు ఇషి. తన యాహీ జాతిలో చివరివాడు. తనవాళ్లంతా హతమై, చెదిరిపోయాక 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ దగ్గర ఒంటరిగా బయటికి వచ్చాడు. 1916లో క్షయతో చనిపోయే లోపల తన విల్లువిద్యను ఆ వైద్యుడి చేతుల్లో పెట్టి వెళ్లాడు. నా భుజాన ఉన్న గ్రిజ్లీలో గాజునార ఉంది, యంత్రాల మీద కోసిన చెక్క ఉంది. దాని వెనక ఉన్న విద్య మాత్రం ఆ ఒంటరి మనిషి దగ్గర నుంచి చేతి నుంచి చేతికి వచ్చింది. పాత విల్లులు సేకరించే ప్రతివాడూ ఇషి పేరు తలుచుకోవాలని నా గట్టి నమ్మకం.

బేర్ 1933లో డెట్రాయిట్‌లో కంపెనీ పెట్టి, 1947లో దాన్ని గ్రేలింగ్‌కు తరలించాడు. నా విల్లు ఇక్కడే తయారైంది. 1978లో కంపెనీ ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు వెళ్లిపోయింది, తర్వాత మ్యూజియం కూడా వెళ్లింది. బేర్ 1988లో అక్కడే కన్నుమూశాడు. ఆయన సేకరణ ఇప్పుడు మిజోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉంది. గ్రేలింగ్‌లో మిగిలింది ఔసాబల్ నది, చుట్టూ ఆయన తిరిగిన అడవి. ఊరికి దగ్గర్లోని హార్ట్‌విక్ పైన్స్‌లో గొడ్డలి పడని తెల్ల పైన్ చెట్లు 49 ఎకరాల్లో ఇంకా నిలబడి ఉన్నాయి. పోయిన శతాబ్దానికి ముందు ఈ ప్రాంతంలో చాలాచోట్ల అలాగే ఉండేది. కలప కోసం కొట్టేశారు. ఊరికి పేరిచ్చిన గ్రేలింగ్ చేప కూడా ఈ నదిలో లేకుండా పోయింది. మనిషి అదుపు లేకుండా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఊరిని మించిన చోటు లేదు. హద్దు గీసుకుని వేటాడాలన్న మాటకు నాకు ఇక్కడ బలం దొరికింది.

మర్నాడు చీకటితోనే ప్రభుత్వ అడవిలోకి నడిచాం. ముందురోజు చూసి పెట్టుకున్న చోటది. ఓక్ కాయలు రాలిన ఒక మిట్ట, దాని కింద జింకల కాలిబాట. పడిపోయిన పైన్ మాను వెనక నేను కూర్చున్నాను. బావమరిది నాకు వెనగ్గా దూరంలో కూర్చున్నాడు. గాలి ముఖానికి ఎదురుగా వీస్తోంది, మా వాసన జింకల వైపు పోదు. రాత్రి మంచు గడ్డకట్టి ఆకులు తెల్లగా ఉన్నాయి. తెల్లవారింది. ఉడతలు ఆకుల్లో పరుగెత్తిన ప్రతిసారీ గుండె జారింది.

ఎండ మాను మీద పడ్డాక ఒక ఆడ జింక ఒంటరిగా బాట మీదికి వచ్చింది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, చెవులు తిప్పుతుంది. ముప్పయి గజాల్లో నిలబడి చాలాసేపు నా వైపే చూసింది. కాంపౌండ్ అయితే బాణం అప్పుడే వెళ్లేది. నేను ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ ఉండిపోయాను. అది తల దించి కాయలు నమలడం మొదలుపెట్టింది. కింది దవడ పక్కకు కదలడం, ముక్కు తడిగా మెరవడం, మెడ మీద వెంట్రుకలు గాలికి లేవడం కనిపిస్తున్నాయి. ఇంకొంచెం నడిచింది. ఒక ఓక్ మాను వెనక్కి తల వెళ్లగానే విల్లు లాగాను. వేలు నోటి మూలకు తగిలింది. కళ్లు ముందు కాలి వెనక ఒక్క చోటే నిలిపాను. తాడు వదిలాను. పధ్నాలుగు గజాలు. బాణం తగిలిన చప్పుడు మెత్తగా వినిపించింది. జింక ఒక్క గెంతు గెంతి పొదల్లోకి పోయింది.

వెంటనే లేచి వెళ్లకూడదు. తరిమితే గాయపడిన జంతువు ఇంకా దూరం పోయి పోయి బాధపడుతుంది. అరగంట కదలకుండా కూర్చున్నాను. తర్వాత బావమరిది వచ్చాడు. అవతలి వైపు నేలలో గుచ్చుకుని బాణం దొరికింది. ఈకల దాకా ఎర్రగా ఉంది, ఆ రక్తంలో సన్నని నురగ. ఊపిరితిత్తులకు తగిలిందని గుర్తు. అక్కడి నుంచి వెతకడమే పని. రాలిన ఓక్ ఆకులే ఎర్రగా ఉంటే నెత్తురు చుక్క ఎక్కడ పోల్చేది? ఒక్కొక్క ఆకునూ వేలితో తాకి, తడి అంటితే ముందుకు కదిలాం. చివరి చుక్క దగ్గర ఒకరు నిలబడి, ఇంకొకరు వెతికాం. డెబ్భై గజాలు పోయేసరికి ఫెర్న్‌లలో పడి ఉంది. దూరం పోకముందే ప్రాణం పోయింది.

దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టాను. సంతోషమూ దుఃఖమూ రెండూ ఉన్నాయి, రెండూ నిజమైనవే. ఒక ప్రాణం తీసినవాడు ఆ రెంటినీ మోయాలి. లైసెన్సుతో వచ్చిన ట్యాగ్ కట్టాం. పొట్ట శుభ్రం చేసి, ఇద్దరం కలిసి రోడ్డు దాకా లాగుకొచ్చాం. 72 గంటల్లో ప్రభుత్వానికి తెలియజేయాలన్నది నియమం, ఆ సాయంత్రమే చేశాం. మాంసంలో ఏదీ పారేయలేదు. అల్లం వెల్లుల్లి, మిరియాలు దట్టించి మా అక్క చేసిన వేపుడు నాలుగిళ్లకు వెళ్లింది.

ఈ ప్రయాణం నాకు నేర్పింది ఇదీ. పాత విల్లుకు శక్తి తక్కువ. ఆ తక్కువే మనల్ని అడవికీ, జంతువుకూ, మనకన్నా ముందు అది పట్టుకున్నవాళ్లకూ దగ్గరగా నడిపిస్తుంది. దూరం నుంచి వేయగలిగినవాడు నేర్చుకోనక్కర్లేని గాలి, అడుగు, ఓపిక అన్నీ నేర్చుకుని తీరాలి. అయితే ప్రతి పాత విల్లూ అడవికి వెళ్లకూడదు. పొర లేచినదాన్ని, అల్యూమినియం దాన్ని వాటి మానాన ఉంచాలి. గట్టిగా ఉన్నదాన్ని మాత్రం సరైన తాడు కట్టి, దాని హద్దులో ఉంచి వాడాలి. నా గ్రిజ్లీ సంచిలో ఒక కాగితం పెట్టాను. విల్లు మీది నంబరు, తాడు రకం, ఏ సంవత్సరం ఏం బాగుచేశానో అందులో రాసి ఉంది. నా తర్వాత ఇది పట్టుకునేవాళ్లకు ఆ వివరాలు కావాలి.

జనవరిలో కలమజూలో సంప్రదాయ విలువిద్య ప్రదర్శన జరుగుతుంది. బావమరిది కూడా వస్తానన్నాడు. అతని చేతికి 40 పౌన్ల షేక్‌స్పియర్ విల్లు సరిపోతుంది. అవి పుట్టిన ఊళ్లోనే ఒకటి వెతుకుతాం. వచ్చే అక్టోబరుకు అతనికీ లైసెన్సు ఉండాలి.