పసిబిడ్డకూ ఒక పూట

తిరుపతికి చంటిబిడ్డను ఎత్తుకొచ్చే కుటుంబాల్లో ఎంత హడావుడి! కొండమీద పుట్టెంట్రుకలు, దర్శనం, దిగగానే తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి. కల్యాణకట్టలో ఏడ్చి అలసిన పసివాడికి నిద్రెప్పుడు? ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం దారిలో దర్శనం ఉందని తెలియక, క్యూలో నలిగే తల్లులను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బయల్దేరే ముందే దేవస్థానం వారిని వేళలు అడగండి.

గుళ్లే కాదు, బిడ్డ సేదతీరే చోట్లూ తిరుపతి దగ్గర ఉన్నాయి. 1987లో మొదలైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల శేషాచలం కొండల చెంతనే ఉంది. చెట్ల నీడ, నెమళ్ల కేకలు, తొలిసారి ఏనుగును చూసి నోరు తెరిచే బిడ్డ! చంద్రగిరి కోటలో రాజమహల్ ముందరి పచ్చిక కూడా పాకే పిల్లలకు హాయి. ఎండ ముదరకముందే వెళ్లాలి సుమా.

ఈసారి ఒక్క గుడి తగ్గించుకుని, ఆ పూట బిడ్డకివ్వండి.