రెండో భాగం అనే మాట

2004 నవంబర్ 16న ఒకే రోజు రెండు ఆటలు విడుదలయ్యాయి. ఒకటి హాఫ్-లైఫ్ 2. గేమ్స్ ఆడనివాళ్లు కూడా ఆ పేరు ఎక్కడో విని ఉంటారు. రెండోది ‘వాంపైర్: ది మాస్క్వరేడ్ – బ్లడ్‌లైన్స్’. సంక్రాంతికి పెద్ద హీరో సినిమా ఎదురుగా చిన్న సినిమా పడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. బ్లడ్‌లైన్స్ తయారైంది హాఫ్-లైఫ్ 2 కోసం వాల్వ్ కంపెనీ కట్టుకున్న సోర్స్ ఇంజిన్ మీదే. అందుకని పెద్దది రాకముందు చిన్నది రాకూడదని ఒప్పందం. వచ్చింది కూడా బోలెడు బగ్స్‌తో. కథలో ఒకచోట ఆట అక్కడికక్కడే ఆగిపోయేది. మరుసటి ఏడాది, 2005లో, దాన్ని చేసిన ట్రోయికా గేమ్స్ అనే చిన్న కంపెనీ మూతపడింది.

కథ అక్కడితో అయిపోవాలి. అవలేదు. అదే విచిత్రం.

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. లాస్ ఏంజిలస్‌లో ఒక రాత్రి మనం చచ్చిపోయి రక్తపిశాచిగా లేస్తాం. పిశాచాల్లో ఏడు వంశాలు, అందులో ఒకటి మనమే ఎంచుకోవాలి. మనుషులకి మన ఉనికి తెలియకూడదన్నది అన్నింటికన్నా పెద్ద నియమం. ఆ ముసుగు పేరే మాస్క్వరేడ్. నోస్ఫెరాటు వంశం ఎంచుకుంటే మొహం చూసి జనం జడుసుకుంటారు కాబట్టి రోడ్డు మీద తిరగలేం, మురుగు కాలవల్లోంచి పోవాలి. మల్కేవియన్ అయితే పుట్టుకతోనే పిచ్చి. మనం మాట్లాడే ప్రతి మాటా వేరేగా రాశారు. టీవీలో న్యూస్ చదివేవాడితో ముచ్చట్లు పెడతాం, రోడ్డు పక్కన స్టాప్ బోర్డుతో గొడవపడతాం. నవ్వుకుంటూ ఆడేసి, మొత్తం కథ తెలిశాక మళ్లీ మొదలుపెడితే, ఆ పిచ్చి మాటల్లో జరగబోయేదంతా ముందే ఉందని తెలుస్తుంది. అప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒక ఆటని మళ్లీ మొదటినుంచి ఆడితే వేరే ఆట అవుతుందని నాకు నేర్పింది ఇదే.

కంపెనీ పోయాక ఈ ఆటని బతికించింది అభిమానులు. జర్మనీలో ఉండే ఒకాయన, వృత్తికి కెమిస్ట్, దాదాపు ఇరవై ఏళ్లుగా దీనికి ప్యాచ్‌లు రాస్తూనే ఉన్నాడు. బగ్స్ సరిచేయడమే కాదు, ఫైళ్లలో సగం సగం మిగిలిపోయిన సంభాషణల్నీ, చోట్లనీ వెతికి మళ్లీ ఆటలో కలిపాడు. జీతం లేదు, ప్రమోషన్ లేదు. నేను 2022లో ఫస్టియర్‌లో ఉండగా స్టీమ్ సేల్‌లో కొని ఆడింది నిజానికి ఆ ప్యాచ్ వేసిన ఆటే. గ్రాఫిక్స్ కార్డు లేని నా ల్యాప్‌టాప్‌లో నడిచే మంచి ఆటలు తక్కువ, అది నడిచింది.

ఇక రెండో భాగం సంగతి. ఆ పిశాచ ప్రపంచం మీద హక్కులున్న వైట్ వోల్ఫ్‌ని 2015లో స్వీడన్‌కి చెందిన పారడాక్స్ కొనుక్కుంది. 2019 మార్చిలో బ్లడ్‌లైన్స్ 2 ప్రకటించారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సియాటెల్‌లోని హార్డ్‌సూట్ ల్యాబ్స్ చేస్తుందన్నారు, మొదటి ఆటకి సంభాషణలు రాసిన బ్రయన్ మిట్సోడాయే కథ రాస్తాడన్నారు, 2020 మార్చిలో విడుదలన్నారు. తర్వాత వాయిదా. 2020లో మిట్సోడాని తప్పించారు. మళ్లీ వాయిదా. 2021 ఫిబ్రవరిలో హార్డ్‌సూట్ ల్యాబ్స్‌నే తప్పించారు, ముందస్తు ఆర్డర్లు ఆపేశారు. నేను ఇంటర్‌లో ఆన్‌లైన్ క్లాసులు వింటున్న రోజులవి. 2023 సెప్టెంబర్‌లో, నేను సెకండియర్‌కి వచ్చాక, బ్రిటన్‌లోని ‘ది చైనీస్ రూమ్’ చేతికి ఇచ్చామన్నారు. 2024లో అన్నారు, 2025 మొదట్లో అన్నారు. చివరికి 2025 అక్టోబర్ 21 అన్నారు. అంటే దీపావళి మర్నాడు. నేను ఫోర్త్ ఇయర్.

సీనియర్లు సగంలో వదిలేసిన ప్రాజెక్టుని ఎప్పుడైనా చేతికి తీసుకున్నారా? కోడ్‌లో కామెంట్లుండవు, ఏది ఎందుకు రాశారో తెలీదు. ముట్టుకుంటే ఒకటి పోతుంది, ముట్టుకోకపోతే ఇంకోటి పనిచేయదు. చివరికి అందరూ చేసేది ఒకటే: టైటిల్ ఉంచి, లోపలంతా మొదటినుంచి రాసుకోవడం. చైనీస్ రూమ్ వాళ్లూ దాదాపు అదే చేశారు. వాళ్లని తప్పు పట్టలేను. ‘డియర్ ఎస్తర్’ లాంటివి చేసినవాళ్లు, నిశ్శబ్దంగా నడుస్తూ కథ వినిపించడంలో దిట్టలు. కానీ బ్లడ్‌లైన్స్ గుణం వేరు. అక్కడ మనం ఊరూపేరూ లేని కొత్త పిశాచం. ఎవడో ఒకడు మనల్ని పురుగులా చూస్తాడు, వాడితో ఎలా మాట్లాడాలో మనమే తేల్చుకోవాలి. కొత్తదాంట్లో మనం ఫైర్ అనే పేరున్న, నాలుగు వందల ఏళ్ల పెద్ద పిశాచం. అందరూ మనకి భయపడతారట. మంచి కథే కావచ్చు. రెండో భాగమేనా అన్నదే నా అనుమానం.

2025 ఆగస్టులో ఇంకో గొడవ. రెండు వంశాల్ని, టోరియడార్‌నీ లసోంబ్రానీ, అదనంగా డబ్బు కట్టినవాళ్లకే ఇస్తామన్నారు. టోరియడార్ మొదటి ఆటలో మామూలుగా ఉన్న వంశం. అభిమానులు గట్టిగా అరిచారు, సెప్టెంబర్‌లో కంపెనీ వెనక్కి తగ్గి రెండింటినీ అందరికీ ఇస్తామంది. గెలిచామని సంబరపడ్డారు కొందరు. నాకు సంబరం రాలేదు. ఈ ఆటని ప్రేమించేవాళ్లు ఎక్కడ పడిపోతారో కంపెనీకి తెలుసు, ధర అక్కడే కట్టింది.

మా రూమ్మేట్ నా గోల విని విని విసిగిపోయాడు. “ఒరేయ్, అది అన్‌రియల్ ఇంజిన్ 5 ఆట. నీ ల్యాప్‌టాప్‌లో మెనూ కూడా ఓపెన్ అవ్వదు. ఆడలేని ఆటకి నీకెందుకురా ఇంత బాధ?” అన్నాడు. మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను.

ఆట ఘోరంగా ఉంటుందేమో అన్నది కాదు నా భయం. ఘోరంగా ఉంటే నవ్వుకుని మర్చిపోతాం. 1997లో ప్రకటించి 2011లో విడుదల చేసిన డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్‌ని అలాగే మర్చిపోయారు. ఓ మోస్తరుగా ఉంటుందేమో అన్నది భయం. ఓ మోస్తరుగా ఉండి, ఓ మోస్తరుగా అమ్ముడుపోతే, లెక్కలు చూసేవాళ్లు ఏమనుకుంటారు? “ఇలాంటి ఆటలు జనానికి అక్కర్లేదు” అని ఫైలు మూసేస్తారు. వాళ్లు అమ్మింది అలాంటి ఆట కాదని ఎవరూ రాయరు. ఇరవై ఏళ్లు జనం చేతుల్లో ఉచితంగా బతికిన పేరు ఒక్క అమ్మకంతో ఖర్చయిపోతుంది. ఆ పేరు మీద హక్కు రాసినవాళ్లకి లేదు, ప్యాచ్ చేసినవాళ్లకి లేదు, కొనుక్కున్నవాళ్లకే ఉంది. వచ్చే ఏడాది ఏదో ఒక కంపెనీలో చేరి కోడ్ రాయబోయే మనందరికీ ఇది కాస్త ఆలోచించాల్సిన సంగతి. మనం రాసేదీ మనది కాదు.

ఆశ అసలే లేదని కాదు. బాల్డర్స్ గేట్ రెండో భాగం 2000లో వస్తే మూడోది 2023లో వచ్చింది. చేసింది పాత కంపెనీ కాదు, లారియన్. వాళ్లు 2020లోనే మొదటి అంకాన్ని జనం చేతిలో పెట్టి, మూడేళ్లు తిట్లు విని, సరిచేసుకుంటూ పూర్తిచేశారు. కాబట్టి చేతులు మారడం పాపం కాదు, ఆలస్యమూ పాపం కాదు. ఎదురుచూసేవాళ్లకి సంచీలో ఏముందో ముందే చూపించారా లేదా అన్నదే తేడా.

రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. “అయితే నువ్వు ఆడకపోవడమే మంచిది, పాతది ఉంది కదా” అన్నాడు. అంత తేలిగ్గా ఊరుకుంటే అభిమానం ఎందుకవుతుంది? దీపావళి మర్నాడు గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ ఎవరి రూములో ఉందో ఇప్పుడే వాకబు చేస్తున్నాను. మీకు తెలిస్తే చెప్పండి. టపాకాయలు నేను తెస్తాను.