రెండు పిన్నుల మధ్య

కుడివైపు ఇండికేటర్ వేస్తే టిక్కు టిక్కుమంటూ నిదానంగా కొట్టుకుంటుంది. ఎడమవైపు వేస్తే మాత్రం టికటికటికమని ఒకటే పరుగు. మీ కారులో ఎప్పుడైనా ఇలా అయిందా అండీ? అయితే ఒకసారి దిగి చూడండి. ఆ పక్కన ముందుదో వెనకదో, ఒక బల్బు పోయే ఉంటుంది. ఆ బల్బు లాగాల్సిన కరెంటు తగ్గిపోయేసరికి, ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్‌కి సంగతి తెలిసిపోతుంది. వేగం పెంచి మనకు కబురు పెడుతుంది.

సరే, షాపుకి వెళ్లి ‘ఇండికేటర్ బల్బు ఒకటివ్వండి’ అంటాం. నేనూ మొదటిసారి అలాగే అడిగి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి హోల్డర్లో పెడితే దిగదే! ఎటు తిప్పినా దిగదు. గట్టిగా నొక్కబోయి ఆగి, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ 12 వోల్టులవే, రెండూ 21 వాట్లవే, అడుగు లావు కూడా ఒకటే, 15 మిల్లీమీటర్లు. తేడా అంతా పిన్నుల్లో ఉంది. నేను తెచ్చిన తెల్ల బల్బుకి రెండు పిన్నులూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. పాత నారింజ రంగు బల్బుకి ఒక పిన్ను కాస్త పక్కకి జరిగి ఉంది. 180 డిగ్రీలకు బదులు 150.

అలా జరపడానికి కారణం తెలిశాక నాకు ఆ బల్బు మీద గౌరవం పెరిగింది. పాత కార్లలో చాలావాటికి ఇండికేటర్ అద్దమే నారింజ రంగు, లోపల తెల్ల బల్బు. ఇప్పటివాటిలో చాలావాటికి అద్దానికి రంగు ఉండదు, రంగంతా బల్బుదే. అందులో తెల్ల బల్బు పెడితే తెల్లగా మిణుకుమంటుంది, వెనక వచ్చే బైకతనికి మనం ఎటు తిరుగుతున్నామో అర్థం కాదు. రాత్రిపూట చీకట్లో తడుముకుంటూ బిగించేవాడి చేయి కూడా పొరపాటు పడకూడదని ఎవరో ఆ 30 డిగ్రీలు జరిపారు. ఎంత ముందుచూపో చూడండి!

అందుకే పాత బల్బు పట్టుకెళ్లండి. దాని అడుగున పేరు చెక్కి ఉంటుంది. తెల్లదైతే పి21డబ్ల్యూ, నారింజదైతే పివై21డబ్ల్యూ. పి21/5డబ్ల్యూ అని ఉంటే అది రెండు ఫిలమెంట్లది, ఎక్కువగా బ్రేకు లైటుకి వాడతారు. దాని పిన్నులు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. పక్క ఫెండర్ మీది చిన్న దీపానికైతే చాలా కార్లలో డబ్ల్యూవై5డబ్ల్యూ, పిన్నుల్లేకుండా గుచ్చేది.

‘ఎల్ఈడీ పెట్టెయ్యండి సార్, జన్మలో మార్చక్కర్లేదు’ అంటారు. మామూలు బల్బు కోసం చేసిన దీపంలో వద్దని నా మాట. ఎల్ఈడీ కరెంటు చాలా తక్కువ లాగుతుంది కాబట్టి ఫ్లాషర్ బల్బు పోయిందనుకుని మళ్లీ పరుగు అందుకుంటుంది. దాన్ని ఆపడానికి రెసిస్టర్ కడతారు. అదేమో ఇండికేటర్ వేసినంతసేపూ కాలిపోతూ ఉంటుంది, ప్లాస్టిక్‌కి ఆనితే కరిగించేస్తుంది.

కొత్త బల్బు బిగించాక, చీకటి పడ్డాక హజార్డ్ స్విచ్ నొక్కి కారు చుట్టూ ఒకసారి తిరిగి రండి. కొత్తది చక్కటి నారింజ రంగులో వెలుగుతూ, అవతలి వైపుది పాలిపోయి కనిపిస్తే, దాని గాజు మీది రంగు పొట్టు రాలిపోతోందన్నమాట. వెలుగుతోంది కదా అని వదిలెయ్యకండి, దాన్నీ మార్చెయ్యండి.